మోచిత్సుకి: పోటు పడేముందు జరిగే పని

అందరికీ నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే మీ పేట సంఘం, ఇక్కడివాళ్లు చోనైకాయ్ అంటారు, ఇంటింటికీ తిప్పే నోటీసుల అట్టలో మోచిత్సుకి కబురు ఉంటుంది. జిగురు బియ్యాన్ని ఆవిరిలో ఉడికించి, రోట్లో దంచి, మోచి అనే సాగే ముద్ద చేసే కార్యక్రమం అది. టోక్యోలో నిషికసాయ్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్లు చాలామంది ఆ రోజు పదకొండింటికి వస్తారు. పిల్లలచేత నాలుగు పోట్లు వేయిస్తారు, ఫొటో తీసుకుంటారు, ప్లేటు అందుకుని వెళ్తారు. తప్పని అనను. కానీ పోటు వేయడం ఆ పనిలో చివరి ముక్క మాత్రమే. మోచి బాగా రావడం, రాకపోవడం అంతకుముందే తేలిపోతుంది. చోనైకాయ్‌లలో పెద్ద వయసువాళ్లే ఎక్కువ. బియ్యం మూటలు మోయడానికి, ఆవిరి తట్టలు దించడానికి చేతులు చాలక అవస్థపడుతున్నారు. అందుకే ఈరోజు ఆ వెనక పని గురించే చెబుతాను. ఈసారి ముందురోజు సాయంత్రమే వెళ్లండి.

మొదట బియ్యం. దీనికి మోచిగోమె అనే జిగురు బియ్యమే కావాలి. మామూలు జపాన్ బియ్యంలో అమైలోస్ అనే పిండిపదార్థం 20 శాతం దాకా ఉంటుంది, మన సోనా మసూరి, బాస్మతిలో అంతకన్నా ఎక్కువ. జిగురు బియ్యంలో అది దాదాపు లేదు. ఉన్నదంతా అమైలోపెక్టిన్ అనే మరో రకం పిండిపదార్థం, సాగే గుణం దానిదే. మామూలు బియ్యాన్ని ఎంత దంచినా ముద్ద అవుతుంది గానీ సాగదు.

లెక్క 'షో' కొలతలో వేస్తారు. ఒక షో సుమారు కిలోన్నర. పెద్ద రోలుకు ఒక వాయి రెండు షోలు, అంటే 3 కిలోలు. దానికి 4 కిలోల దాకా మోచి దిగుతుంది. మనిషికి 50 గ్రాముల ముక్కలు మూడు అనుకుంటే ఒక వాయి పాతికమందికి సరిపోతుంది. వందమంది వస్తారంటే నాలుగు వాయిలు, 12 కిలోలు. ఇంటికి పట్టుకెళ్లే వాటా దీనికి అదనం. ముందురోజు సాయంత్రం కడిగి, బియ్యం మీద బాగా నీళ్లు నిలిచేలా పోసి రాత్రంతా నాననివ్వాలి. చలికాలం నీళ్లలో ఎనిమిది గంటలకు తక్కువ పనికిరాదు. నానింది చాలకపోతే ఆవిరిలో ఎంతసేపు ఉంచినా మధ్యలో పలుకు మిగిలిపోతుంది. ఆ పలుకు దంచినా చావదు, మోచిలో ఇసుకలా నోటికి తగులుతుంది. పొద్దున అరగంటసేపు నీళ్లు వాడ్చాలి. నీళ్లోడుతున్న బియ్యాన్ని తట్టలో పోస్తే అడుగు చిత్తడి అవుతుంది, పైన పచ్చిగా ఉంటుంది.

ఆవిరి తట్టను సెయిరో అంటారు. చెక్క చట్రం, అడుగున వెదురు చాప. తడిపి పిండిన గుడ్డ పరిచి బియ్యం పోసి, మధ్యలో గుంట చేయాలి. ఆవిరి మధ్యకు చేరడానికి అదే దారి. ఎసరు తెర్లి పైనుంచి ఆవిరి ధారగా వచ్చాక 40 నిమిషాలు లెక్కపెట్టండి. రెండు తట్టలు పేరిస్తే కింద తట్ట ముందు ఉడుకుతుంది. దాన్ని దించి, పైదాన్ని కిందికి మార్చి, కొత్త తట్టను పైన పెడుతూ పోతే పావుగంట, ఇరవై నిమిషాలకొక వాయి అందుతుంది. ఎసరులో నీళ్లు తగ్గితే మరుగుతున్న నీళ్లే పోయాలి. చన్నీళ్లు పోస్తే ఆవిరి ఆగిపోతుంది, రోలు దగ్గర వందమంది ఊరికే నిలబడతారు. నాలుగు గింజలు తీసి వేళ్లమధ్య నలపండి, పలుకు లేకుండా మెదిగితే అయినట్టు.

పొయ్యి దగ్గర అగ్నిమాపక సిలిండర్ తప్పనిసరి. 2013 ఆగస్టు 15న ఫుకుచియామా బాణసంచా ఉత్సవంలో పెట్రోలు డబ్బా నుంచి మంటలు లేచి ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత 2014 ఆగస్టు నుంచి, జనం గుమిగూడే కార్యక్రమాల్లో నిప్పు వాడే స్టాళ్లకు సిలిండర్ ఉండాలని నిబంధన వచ్చింది.

ఇక రోలు. చెక్కదైతే ఎక్కువగా కెయాకి చెట్టుది, లేదంటే రాతిది. చెక్క రోలును ముందురోజే తడిపి ఉంచాలి, ఎండిన చెక్కకు మోచి అతుక్కుంటుంది, పెచ్చులు లేస్తాయి. బియ్యం దించే ముందు మరిగే నీళ్లు పోసి వేడెక్కాక పారబోయాలి. రాతి రోలు వేడిని లాగేస్తుంది, దానికి రెండు మూడుసార్లు పోయాలి. చల్లటి రోట్లో పడ్డ అన్నం నిమిషాల్లో బిగుసుకుంటుంది, ఇక గింజ గింజా కలవదు. సంక్రాంతికి అరిసెలకు మనం నానిన పచ్చి బియ్యాన్ని తీరిగ్గా దంచి జల్లించుకుంటాం కదా, ఇక్కడ దంచేది పొగలు కక్కుతున్న ఉడికిన బియ్యం, చల్లారేలోగా పది నిమిషాల్లో ముగించాలి.

ఇక్కడి రోకలి, కినె, సుత్తిలా ఉంటుంది, బరువు తలలోనే. పెద్దలది మూడు నాలుగు కిలోలు. రెండు మూడింటిని నీళ్ల బకెట్లో ఉంచి మార్చుకుంటూ వాడతారు.

అన్నం రోట్లో పడగానే పోటు వేయకూడదు. వేస్తే గింజలు చుట్టూ చింది నేలపాలవుతాయి. ముందు నలపాలి. ఇద్దరు ముగ్గురు రోలు చుట్టూ తిరుగుతూ, రోకలి మొనతో, ఒంటి బరువంతా వేసి, అంచునుంచి మధ్యకు అదుముతూ పోవాలి. నడుము పట్టేసే పని ఇదే, దీనికి చప్పట్లు కొట్టేవాళ్లుండరు. కానీ నా మాట నమ్మండి, మోచిలో ముప్పాతిక వంతు ఇక్కడే తయారవుతుంది. గింజ సగానికి పైగా చితికి, ఒకే ముద్దగా పట్టు వచ్చాకే పోటు.

పోటులో బలం చూపించనక్కర్లేదు. రోకలిని ఎత్తి, దాని బరువుతో దాన్నే పడనివ్వాలి. గురి ముద్ద మధ్యకు. అంచుకు తగిలితే చెక్క పెచ్చు లేచి మోచిలో కలుస్తుంది. అలాంటి వాయి మొత్తం పారేయాల్సిందే. పోటుకీ పోటుకీ మధ్య ముద్దను ఎగదోసే మనిషి పక్కన ఉంటారు. రోట్లో తలపెట్టి రోకటి పోటుకు వెరవరాదని సామెత గానీ ఇక్కడ వెరవాలి. లయ ఎగదోసేవారిది. వాళ్లు చెయ్యి తీసి "హాయ్" అన్నాకే రోకలి దిగాలి, "యోయిషో" అంటూ జనం కలిపే గొంతు కూడా ఆ లయ కోసమే. ఎగదోసేవారు వేళ్లు గోరువెచ్చని నీళ్లలో తడుపుకుంటారు, అంతే. దోసిళ్లతో చిలకరిస్తే మోచి జావగారుతుంది, త్వరగా బూజు పడుతుంది.

ఆరోగ్యం సంగతి గట్టిగా చెప్పాలి. చలికాలం నోరోవైరస్ కాలం. బియ్యం ఆవిరిలో ఉడికినా ఆ తర్వాత పది చేతులు తాకుతాయి, మళ్లీ నిప్పు చూడదు. వాంతులు, విరేచనాలు తగ్గినవాళ్ల శరీరం నుంచి కూడా వారానికి పైగా వైరస్ బయటికొస్తుంది, కాబట్టి వాళ్లు రోలు వైపు రాకూడదు. శానిటైజర్ దీనిమీద అంతగా పనిచేయదు, సబ్బుతో కడుక్కుని గ్లవ్స్ వేసుకోవాలి. బల్లలకు, బకెట్లకు 0.02 శాతం బ్లీచ్ నీళ్లు, అంటే 5 శాతం బ్లీచ్ 10 మిల్లీలీటర్లు రెండున్నర లీటర్ల నీళ్లలో. ఇందుకే చాలాచోట్ల పిల్లలు దంచిన వాయిని అలంకరణకు ఉంచి, తినేదాన్ని వేరుగా యంత్రంలో చేస్తున్నారు. మీ పిల్లాడు దంచింది ప్లేటులోకి రాలేదని నొచ్చుకోకండి.

ముక్కలు చేసేటప్పుడు బల్లమీద పిండి చల్లి, వేడిమీదే తుంచాలి. పసివాళ్లకు, ముసలివాళ్లకు బొటనవేలి గోరంత ముక్కలు. ముందు టీతో గొంతు తడిపి, నమిలి మింగాకే మాట్లాడమనండి. కొత్త సంవత్సరం రోజుల్లో గొంతులో మోచి అడ్డుపడి ఏటా వృద్ధులు చనిపోతున్నారు. అడ్డుపడితే 119కి ఫోన్ చేయించి, వెంటనే ముందుకు వంచి భుజాల మధ్య గట్టిగా చరచాలి.

శాకాహారులు వేయించిన సోయాపిండి చల్లిన కినాకో, ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద అంకో నిశ్చింతగా తినొచ్చు. సోయాసాస్ రాసి నోరి అనే సముద్రపు నాచు రేకు చుట్టినది కూడా ఫరవాలేదు, సీసాలో ఉన్నది ఉత్త సోయాసాసో, చేప రసం కలిసిన త్సుయూనో అడగండి. జోనీ పులుసులో చేప రసం ఉంటుంది, తోంజిరులో పంది మాంసం. కొంబు అనే సముద్రపు నాచు, ఎండు షీతాకె పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లతో ఒక గిన్నె పులుసు మేం చేసి తెస్తామని ముందే చెప్పండి, కానీ ఆరోగ్య కార్యాలయానికి నిర్వాహకులు ఇచ్చే వంటల వివరాల్లో అది చేరాలి. ఇంట్లో వండి తేవద్దంటే అక్కడి వంటగదిలోనే చేయండి.

చివరికి రోలు కడగడం. మోచి ఎండక ముందే వేడినీళ్లు పోసి, గీరి, బ్రష్‌తో తోమాలి. సబ్బు వద్దు, చెక్క పీల్చుకుంటుంది. ఎండలో పెడితే పగులు బారుతుంది, గుడ్డతో తుడిచి నీడలో, గాలి నెమ్మదిగా తగిలేచోట కొన్నిరోజులు ఆరనిచ్చాకే గోదాములో పెట్టాలి. తడిగా గుడ్డ కప్పి దాస్తే బూజు పడుతుంది. పెద్ద రోలును లేపడానికి నలుగురు కావాలి, సాయంత్రం నాలుగింటికి అక్కడ ఉండేది సాధారణంగా ఇద్దరే.