పడమటి గోడ సంగతి

(హనుమకొండలో కొత్తగా ఇల్లు కట్టుకోబోతున్నవారి సమావేశంలో ఒక ఆర్కిటెక్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంట్లోకి ప్రకృతిని ఎలా తెచ్చుకోవాలో చెప్పమన్నారు నన్ను. 2020 ఆగస్టులో ఒకసారి, 2023 జులైలో మరోసారి మన ఊళ్లో చాలా కాలనీల్లో ప్రకృతి పిలవకుండానే ఇంట్లోకి వచ్చింది. పరుపులు తేలాయి, ఫ్రిజ్‌లు పక్కకు ఒరిగాయి. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలోనో, నాలా ఒడ్డునో ప్లాటు కొన్నాక ఆర్కిటెక్టు చేయగలిగింది పెద్దగా ఉండదు. కాబట్టి ఇవాళ నేను చెప్పేదంతా ప్లాటు సరైన చోట కొన్నవాళ్లకే.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ముందు ఫోన్ తీసి ఒక ఫొటో చూపిస్తారు. ఇంటి నడుమ నీళ్లు, నీళ్లలో తామరలు, గోడలంతా తీగలు, పైనుంచి వెలుతురు. అది బాలిలోదో, కేరళదో, లేదంటే శ్రీలంకదో అయి ఉంటుంది. శ్రీలంకలో జెఫ్రీ బావా అని గొప్ప ఆర్కిటెక్టు ఉండేవారు. ఇల్లు ఎక్కడ అయిపోయిందో, తోట ఎక్కడ మొదలైందో తెలియకుండా కట్టేవారు. ఆయన పనంటే నాకు ప్రాణం. కానీ ఆయన ఉన్న కొలంబోలో మనకు రెండింతలకు పైగా వాన పడుతుంది. ఏడాది పొడుగునా గాలిలో తడి ఉంటుంది. మన దగ్గర మే నెలలో తడి బట్ట ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఎండిపోతుంది.

ఆ బావాగారిని చూసి నేను మా బావగారి ఇల్లు పాడుచేశాను. ఇరవై ఏళ్ల కిందటి మాట. రెండు వందల గజాల పడమటి ముఖం ప్లాటు. పుస్తకాల్లో చూసిన సోకంతా దాని మీద దించాను. హాల్లోంచి సూర్యాస్తమయం కనబడాలని పడమర వైపు గోడ బదులు నిలువెత్తు అద్దం పెట్టించాను. హాలు మధ్యలో చిన్న నీటి గుంట కట్టించాను. గృహప్రవేశం మాఘమాసంలో. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. మార్చి ఆఖరుకు మా అక్క ఆ అద్దానికి దుప్పటి కట్టింది. ఏప్రిల్‌లో దుప్పటి మీద అట్టపెట్టెలు చించి అంటించింది. మేలో సాయంత్రం అయిదింటికి సోఫా మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. గుంటలో నీళ్లు రోజుకింత తగ్గిపోయేవి. వానలు మొదలయ్యాక నీళ్లు తగ్గలేదు గానీ దోమలు మొదలయ్యాయి. దసరాకు నేను వెళ్లేసరికి గుంట పూడ్చేశారు. ఇప్పుడక్కడ వాషింగ్ మెషీన్ ఉంది. అక్క ఏమీ అనలేదు. "తమ్మీ, సూర్యాస్తమయం మంచిగనే ఉంటది గని, చూసెటందుకు ఆ టైంకు హాల్ల ఎవ్వరం ఉంటలేమురా" అంది, అంతే.

నేను చదువుకున్నదంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

మన ఎండ సంగతి కొంచెం వివరంగా చెప్తాను. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. అక్కడినుంచి జులై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. అంటే వేసవిలో దక్షిణపు గోడకు పెద్ద బాధ లేదు, రెండడుగుల సజ్జ చాలు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి, ఆ సజ్జ కింది నుంచే కిటికీలోకి ఎండ పంపిస్తాడు. అప్పుడు మనకూ అదే కావాలి. చిక్కంతా పడమరతోనే. మూడు దాటాక ఎండ ఏటవాలుగా నేరుగా గోడ మీదికి కొడుతుంది. దాన్ని రెండడుగుల సజ్జ కాదు, నాలుగడుగుల సజ్జ కూడా ఆపలేదు. ఆ గోడ సాయంత్రం దాకా తాగిన వేడిని రాత్రంతా పడకగదిలోకి వదులుతుంది. ఏసీ కరెంటు బిల్లులో కొంత భాగం ఆ గోడ వల్ల కడుతున్నదే.

అయితే పడమర మొత్తం మూసేద్దామంటే ఇంకో చిక్కు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు గాలి వచ్చేది పడమర, నైరుతి దిక్కుల నుంచే. మేలో కూలర్ ముందు హాయిగా పడుకున్నవాళ్లు ఆగస్టులో అదే కూలర్‌ను తిట్టుకుంటారు. ఎందుకంటే కూలరైనా, నీళ్లు చల్లబరిచే మట్టి రంజన్ అయినా పనిచేసేది ఒకే పద్ధతిలో. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. గాలి అప్పటికే తడిగా ఉంటే నీరు ఆవిరి కాదు. అప్పుడు ఒంటికి కావలసింది గాలి కదలడమే. కాబట్టి మనం కట్టుకునేది ఒకే ఇంట్లో రెండు ఇళ్లు. మే ఇల్లు పగలంతా తలుపులు బిగించుకుని, చీకటి పడ్డాక తెరుచుకోవాలి. ఆగస్టు ఇల్లు పొద్దంతా తెరిచే ఉండాలి. ఎండా గాలీ రెండూ పడమర నుంచే వస్తాయి. ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని రానివ్వాలి.

దీనికి నేను చేసేది చెప్తాను. మెట్లు, బాత్రూం, స్టోరు పడమర వైపు పెడతాను. అవి వేడెక్కినా ఎవరికీ నష్టం లేదు. నైరుతి బరువుగా ఉండాలనే వాస్తు మాట కూడా ఇక్కడ కలిసొస్తుంది, గొడవ తప్పుతుంది. మిగిలిన చోట నాలుగైదు అడుగుల వరండా, దాని బయటి అంచున జాలీ గోడ. కేరళలో పనిచేసిన ఆర్కిటెక్టు లారీ బేకర్ ఇటుకల మధ్య ఖాళీలు వదిలి ఇలాంటి గోడలు ఎన్నో కట్టారు. ఎండ బయటి ఇటుకల మీదే ఆగిపోతుంది, గాలి లోపలికొస్తుంది. లోపలి గోడకు కిటికీ, దానికి చెక్క తలుపులు. మేలో పగలు మూస్తారు, ఆగస్టులో తెరుస్తారు. బేకర్ వాడిన ర్యాట్ ట్రాప్ బాండ్ అనే ఇటుక పేర్పు పద్ధతి కూడా మంచిదే. ఇటుకను పక్క మీద నిలబెట్టి, లోపల ఖాళీ వదిలి కడతారు. ఇటుకలు దాదాపు పాతిక శాతం మిగులుతాయి. ఆ ఖాళీ వేడిని కాస్త ఆపుతుంది. మొదటిసారి చెప్పినప్పుడు మా మేస్త్రీ నావైపు జాలిగా చూశాడు. "గోడల గాలి పెట్టి కడితే నిలబడ్తదా సార్?" ఆ గోడ నిలబడే ఉంది.

ఇదంతా కొత్త తెలివేం కాదు. పరకాల దగ్గర మా నాయనమ్మ వాళ్ల భవంతిలో, అంటే నడుమ ఆరుబయలు వాకిలి ఉన్న పాత ఇంట్లో, మట్టిగోడ మందం నా చిన్నప్పటి చేతికి మూరన్నర పైనే. పగలు లోపలి అర్రలో, రాత్రి నడుమ వాకిట్లో. ఇల్లు మారేది కాదు, మంచాలే చోటు మారేవి. రెండు వందల గజాల్లో భవంతి కట్టలేం, ఆ మోజు వద్దు. పదడుగుల ఖాళీ జాగా మిగిల్చి దాన్ని కోర్ట్‌యార్డ్ అంటే వేడి గాలి నిండిన పొగగొట్టం అవుతుంది. మెట్ల గదికి పైన వెంటిలేటర్లు పెట్టండి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి రాత్రి కింది కిటికీలు తెరిస్తే ఇల్లంతా ఊపిరి పీలుస్తుంది. మీ ప్లాటుకు అదే భవంతి.

ఇక చెట్లు. యాపచెట్టును గమనించారా? మాఘ ఫాల్గుణాల్లో, కాస్త ఎండ మనకు ఇంకా హాయిగా ఉన్న రోజుల్లో ఆకు రాలుస్తుంది. ఉగాది పచ్చడికి పువ్వు ఇచ్చేనాటికి కొత్త చిగురుతో నిండిపోయి ఉంటుంది. సరిగ్గా మనకు నీడ కావలసినప్పుడు. కానుగ కూడా అంతే. ఇంటికి పడమర వైపు, గోడకు తగినంత దూరంలో, రోడ్డు పక్క అయినా సరే, ఒక్క యాప లేదా కానుగ పెట్టండి. ఆరేడేళ్లకు అది మీ కిటికీకి పరదా అవుతుంది. జాగా లేదంటే ఇనుప ఫ్రేము మీదికి సంకుపూల తీగో, బీర తీగో ఎక్కించండి. బీరకాయ కూరకూ వస్తుంది.

మొక్కల మాట వచ్చింది కాబట్టి ఇంట్లో పెట్టే కుండీల గురించి ఒక సంగతి. నర్సరీల్లో ఫలానా మొక్క గదిలో గాలి శుభ్రం చేస్తుందని నాసా చెప్పిందంటారు. 1989లో నాసా చేసిన ప్రయోగం గాలి చొరబడని చిన్న పెట్టెల్లో. మన ఇంట్లో కిటికీ సందుల్లోంచి మారే గాలితో పోటీపడాలంటే చదరపు మీటరుకు కనీసం పది, ఒక్కోసారి వెయ్యి దాకా కుండీలు కావాలని 2019లో పరిశోధకులు లెక్క కట్టారు. మనిషి ఎక్కడ నిలబడాలి? మొక్క చూడటానికి బాగుంటుంది, అది చాలు. చూడటం చిన్న విషయం కూడా కాదు. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల ఆసుపత్రి రికార్డులు పోల్చి 1984లో ప్రచురించారు. కిటికీలోంచి చెట్లు కనబడినవాళ్లు, ఇటుక గోడ కనబడినవాళ్లకంటే సుమారు ముప్పావు రోజు ముందు ఇంటికి వెళ్లారు, నొప్పి మందులూ తక్కువ వాడారు. చూసింది 46 మందినే, పెద్ద సంఖ్య కాదు. అయినా మంచం ఎటు తిప్పి వేయాలో ఆలోచించడానికి అది చాలు. కుండీ కింద పెట్టే పళ్లెంలో మాత్రం నీళ్లు వారం దాటి నిలవనివ్వకండి. డెంగీ దోమకు అదే పురిటిగది.

పైకప్పు గురించి రెండు మాటలే. స్లాబు మీద తెల్ల సున్నమైనా, ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింటైనా వేయించండి. మన రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, చిన్న ఇళ్లకు అది స్వచ్ఛందమే. స్వచ్ఛందమంటే ఎవరూ చేయరని నాకూ తెలుసు. వేసవి మొదట్లో ఒక్క ఆదివారం బకెట్ సున్నం, ఒక చీపురు సరిపోతాయి.

వాన లెక్క ఒకటి ఇంటికి తీసుకెళ్లండి. వంద గజాల స్లాబు మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 836 లీటర్లు. మనకు ఏడాదికి 90 సెంటీమీటర్ల పైనే పడుతుంది. ఆ నీళ్లన్నీ పైపు కట్టి రోడ్డు మీదికి వదిలి, ఏప్రిల్‌లో ట్యాంకర్‌కు ఫోన్ చేస్తాం. ఇంటి చుట్టూ వదిలిన జాగా అంతా టైల్స్ పరచకండి. ఒక పక్కన్నా మన్ను మన్నుగా ఉండనివ్వండి. పునాదికి, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఇంకుడు గుంత తవ్వించండి. కరివేపాకు, దానిమ్మ, పారిజాతం దాని పక్కనే బతికేస్తాయి.

ప్లాను కాగితాలు తెచ్చుకున్నవాళ్లు టీ తాగాక ఈ బల్ల దగ్గరికి రండి. ఒక్కటే కోరిక. ఫోన్‌లో ఫొటో తర్వాత చూద్దాం. ముందు కాగితం మీద పడమర ఎటుందో బాణం గీసి, సాయంత్రం నాలుగింటికి మీ ఇంట్లో ఎవరు ఏ గదిలో ఉంటారో పక్కన రాసి ఇవ్వండి.