నాన్నకు దాహం వెయ్యడం లేదట: వడదెబ్బపై శ్రోతల ప్రశ్నలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఎండలు ముదిరాయి. ఇంట్లో పెద్దవాళ్లను, మన ఇళ్లకు పనికి వచ్చేవాళ్లను ఎలా కాచుకోవాలో చెప్పడానికి డాక్టర్ గారు వచ్చారు. మొదటి ఫోను హైదరాబాదు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టర్ గారూ. మా నాన్నగారికి 74 ఏళ్లు. రెంటచింతలలో ఒక్కరే ఉంటారు. అమ్మ పోయాక ఎంత బతిమాలినా ఊరు వదిలి రానంటారు. రోజూ ఫోను చేసి నీళ్లు తాగుతున్నారా అని అడుగుతాను. ఆ, తాగుతున్నానమ్మా అంటారు. మొన్న పక్కింటి వదిన వెళ్లి చూస్తే పొద్దున నింపిన చెంబు సాయంత్రానికీ అలాగే ఉందట. ఇదేమిటి నాన్నా అంటే దాహం వెయ్యలేదంటారు.

డాక్టర్: దాహం వెయ్యలేదన్నది నిజమే అయి ఉంటుందమ్మా. వయసు పైబడ్డాక ఒంట్లో నీరు తగ్గినా ఆ సంగతి తెలియదు. అందుకే దాహమైనప్పుడు తాగండి అంటే సరిపోదు. మీరు ఫోనులో ఉండగానే ఆయన చేత ఒక గ్లాసు తాగించండి. తాగేదాకా ఏదో ఒక కబురు చెబుతూ ఉండండి. గుండె, మూత్రపిండాల జబ్బులేమైనా ఉన్నాయా?

శ్రోత: లేవండీ. బీపీకి మాత్ర వేసుకుంటారు. అది వేసుకుంటే మూత్రం ఎక్కువగా వస్తుందంటారు.

డాక్టర్: అలాంటి మాత్రలతో ఎండాకాలంలో ఒంట్లో నీరు, ఉప్పు మరింత తగ్గిపోతాయి. మీ అంతట మీరు మానిపించకండి. మోతాదు మార్చాలా అని, రాసిన డాక్టరునే రేపు అడగండి. ఇల్లు ఎలాంటిది?

శ్రోత: స్లాబు ఇల్లండీ. ఫ్యాను ఉంది.

డాక్టర్: స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి ఇంట్లోకి వదులుతుంది. పైగా ఇప్పుడు రాత్రులు కూడా మునుపటిలా చల్లబడటం లేదు. ఒంటికి తెరిపి దొరికేది రాత్రే కదా, అదీ పోతోంది. 40 డిగ్రీలు దాటాక ఉత్త ఫ్యాను వేడిగాలినే ఒంటికి కొడుతుంది. తడిగుడ్డతో మెడ, చేతులు, కాళ్లు తుడుచుకుని దాని కింద కూర్చోమనండి.

మీ వదినగారిని మాత్రం వదులుకోకండి. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాలులకు దాదాపు 2,000 మంది పోయారు. 1995 జులైలో అమెరికాలోని షికాగోలో 700 మందికి పైగా పోయారు. అక్కడ పరిశోధకులు ఆరా తీస్తే, ఒంటరిగా ఉండేవారికి ముప్పు ఎక్కువని, దగ్గరలో స్నేహితులున్నవారికి తక్కువని తేలింది. రోజుకు రెండుసార్లు ఆయన్ని ఎవరో ఒకరు కళ్లారా చూడాలి. మాట తడబడినా, అయోమయంగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోస్తూ 108కి ఫోను చెయ్యాలి. చెమట పడుతోందని ధీమా పడకూడదు. జ్వరం మాత్ర దీనికి పనిచెయ్యదు. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పొయ్యకూడదు. ఈ నాలుగు మాటలూ వదినగారికి ముందే చెప్పి ఉంచండి.

శ్రోత: ఇప్పుడే చెబుతానండీ. మా ఆయన దీన్ని చాదస్తం అంటారు.

డాక్టర్: కాదమ్మా. మందు ఎంతో ఇదీ అంతే.

వ్యాఖ్యాత: విశాఖపట్నం నుంచి మరొకరు.

శ్రోత: ఇక్కడ 36 డిగ్రీలేనండీ. అయినా మా ఇంట్లో పనిచేసే ఆవిడ మధ్యాహ్నానికి సొమ్మసిల్లినట్టు అయిపోతోంది. మా అత్తగారు రోజూ మజ్జిగ ఇస్తున్నారు. అది చాలునా?

డాక్టర్: చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. అందుకే తీరప్రాంతంలో 37 డిగ్రీలకే వడగాడ్పుల లెక్క మొదలవుతుంది. అత్తగారి మజ్జిగ చాలా మంచిది, కాస్త ఉప్పు వెయ్యమనండి. కానీ మజ్జిగ ఇచ్చి మిట్టమధ్యాహ్నం అంట్లు తోమిస్తే లాభమేముంది? పొద్దున్నే రమ్మని పదకొండులోపు పంపెయ్యండి. ఒంట్లో బాగాలేని రోజు జీతం కోయకండి. జీతం పోతుందన్న భయంతోనే చాలామంది కళ్లు తిరుగుతున్నా చెప్పరు.

శ్రోత: అలాగేనండీ. పొద్దున పూట ఆవిడకు వేరే ఇళ్లు ఉన్నాయి.

డాక్టర్: ఆ ఇళ్లవాళ్లతో మీరే ఒక మాట మాట్లాడండి. ఆవిడ అడగడం కంటే మీరు అడగడం తేలిక.

వ్యాఖ్యాత: చివరి ఫోను రామగుండం నుంచి.

శ్రోత: మా అమ్మ మేడమీది గదిలో పడుకుంటుంది. ఏసీ పెట్టిద్దామంటే, దాని వేడంతా పక్కింటి కిటికీలోకే కొడుతుందని ఒప్పుకోవడం లేదు. వాళ్లింట్లో పసిబిడ్డ ఉంది.

డాక్టర్: ఎంత మంచి మనసండీ అమ్మగారిది! ఆవిడ చెప్పింది నిజం కూడా. లోపలి వేడిని ఏసీ బయటికే కదా తోసేది. ముందు మేడపైన తెల్ల సున్నం వేయించండి, ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది ఇందుకే. అప్పటికీ ఉక్క భరించలేకపోతే ఏసీ పెట్టించండి, తప్పులేదు. వేడి వదిలే బయటి పెట్టె మాత్రం పక్కింటి కిటికీ వైపు కాకుండా మేడపైన బిగించమనండి.

శ్రోత: సున్నం ఆదివారం వేయిస్తానండీ.

డాక్టర్: వేయించండి. మంచం మాత్రం ఈ రాత్రికే కింది గదిలోకి దించండి.