జంతుహింస లేని డియోడరెంట్: ఎంచుకోవడం, ఇంట్లో చేసుకోవడం

అందరికీ నమస్కారం.

డియోడరెంట్ డబ్బా మీద కుందేలు బొమ్మ ఉంటే చాలు, ఇందులో జంతుహింస లేదని నమ్మి కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ బొమ్మ ఎవరిచ్చారు, ఏ హామీ మీద ఇచ్చారు అని అడిగేవాళ్ళు తక్కువ. ఆ ప్రశ్న ఎలా అడగాలో, కొనడం వద్దనుకుంటే మన ఎండలకు నిలిచేది ఇంట్లో ఎలా చేసుకోవాలో ఇప్పుడు చూద్దాం. రెండు చోట్లా మన కళ్ళు ముడిసరుకు మీదే ఉండాలి. ఎందుకంటే జంతువుల మీద ప్రయోగాలు ఎక్కువగా జరిగేది తయారైన డబ్బా మీద కాదు, అందులో పడే పదార్థాల మీద.

ముందుగా ఆ ప్రయోగాలేమిటో తెలుసుకుందాం. 1944లో అమెరికాలో జాన్ డ్రెయిజ్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్షను ప్రామాణికం చేశాడు. తెల్ల కుందేలు కనురెప్ప కిందికి లాగి, పదార్థాన్ని 0.1 మిల్లీలీటరు కంట్లో వేస్తారు. ఎరుపు, వాపు, పుండు ఎంతవరకు వచ్చాయో మార్కులు వేస్తూ కొన్ని రోజులు చూస్తారు, అవసరమైతే 21 రోజుల దాకా. చర్మానికైతే వీపు మీద బొచ్చు గీసి పూస్తారు. ఎలర్జీ పరీక్షకు గినీ పందులను వాడారు. డియోడరెంట్ చంకల్లో, అంటే పలుచటి చర్మం ముడతపడి ఒరుసుకునే చోట, రోజూ పూసుకునేది. అందువల్ల మంట, ఎలర్జీ పరీక్షలు దీని చుట్టూ ఎప్పుడూ ఉన్నాయి.

ఇప్పుడు వాటి అవసరం చాలావరకు తీరిపోయింది. మనిషి చర్మకణాలతో ప్రయోగశాలలో పెంచిన పొర మీద మంట పరీక్ష చేయవచ్చు. ఆ పద్ధతికి 2010లోనే అంతర్జాతీయ మార్గదర్శకం వచ్చింది. ఒక పదార్థం ఎలర్జీ తెస్తుందా అన్నది అది ప్రోటీన్ ముక్కలకు ఎంతగా అతుక్కుంటుందో కొలిచి అంచనా వేస్తున్నారు. మన హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీకి చెందిన అటల్ ఇంక్యుబేషన్ సెంటర్లో, మనిషి కణాల ఆధారంగా జరిగే ఇలాంటి పరీక్షా పద్ధతుల కోసమే ఒక కేంద్రం ఉంది. ఇంకో దారి లేక జంతువుల మీద చేస్తున్నాం అని ఒక డియోడరెంట్ కంపెనీ ఈరోజు చెబితే, ఆ మాట నమ్మాల్సిన పని లేదు.

ఇక చట్టం. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని భారతదేశం 2014 మేలో నిషేధించింది. అలా పరీక్షించిన వాటి దిగుమతిని కూడా అదే ఏడాది నవంబరు నుంచి ఆపింది. ఐరోపా సమాఖ్యలో 2013 మార్చి 11 నుంచి అమ్మకం మీద కూడా పూర్తి నిషేధం ఉంది. కాబట్టి ఇక్కడ తయారైన డబ్బా మీద ‘జంతువులపై పరీక్షించలేదు’ అని రాస్తే, ఆ కంపెనీ చట్టం పాటించిందని మాత్రమే అర్థం. అందుకు ప్రత్యేకంగా మెచ్చుకోవాల్సింది ఏమీ లేదు.

అయితే కంతలున్నాయి, వాటిని తెలుసుకోవాలి. ఒకే రసాయనం సబ్బులోనూ, రంగుల్లోనూ, మందుల్లోనూ వాడతారు. సౌందర్య సాధనాల కోసం కాదు, రసాయనాల చట్టం కోసం అని చెప్పి దాన్నే జంతువుల మీద పరీక్షించవచ్చు. ఐరోపాలో సన్‌స్క్రీన్‌లో మాత్రమే వాడే రెండు పదార్థాల విషయంలో ఇదే జరిగింది. కార్మికుల భద్రత కోసం జంతు పరీక్షలు చేయాల్సిందేనని 2023లో అక్కడి న్యాయస్థానం చెప్పింది. రెండోది చైనా. దిగుమతి సరుకుకు అక్కడ చాలాకాలం జంతు పరీక్ష తప్పనిసరిగా ఉండేది. 2021 మే నుంచి సాధారణ సౌందర్య సాధనాలకు కొన్ని షరతుల మీద మినహాయింపు వచ్చింది కానీ, ఆ షరతులు తీర్చని కంపెనీకి పాత దారే మిగులుతుంది. మన దగ్గర అమ్మే డబ్బా శుభ్రమైనదే కావచ్చు. అదే కంపెనీ వేరే దేశంలో ఏం ఒప్పుకుందో డబ్బా మీద ఉండదు.

గుర్తుల సంగతికొద్దాం. ఎగిరే కుందేలు గుర్తు, అంటే లీపింగ్ బన్నీ, తీసుకోవాలంటే కంపెనీ ఒక తేదీ ప్రకటించాలి. ఆ తేదీ తర్వాత తనకు సరుకిచ్చే వాళ్ళెవరూ ఆ పదార్థాలను జంతువుల మీద పరీక్షించలేదని ఆధారాలు సేకరించాలి, తనిఖీకి ఒప్పుకోవాలి. జంతు హక్కుల సంస్థ పెటా ఇచ్చే జాబితా ప్రధానంగా కంపెనీ రాసిచ్చే హామీ మీద నడుస్తుంది. రెంటిలో మొదటిది గట్టిది అని మా అభిప్రాయం. ఏ సంస్థ పేరూ లేకుండా డబ్బా మీద అచ్చేసిన ఉత్త కుందేలు బొమ్మకు ఏ విలువా లేదు. దాన్ని ఎవరైనా గీసుకోవచ్చు. గుర్తు కనిపించినప్పుడు ఆ సంస్థ వెబ్‌సైట్‌లోని జాబితాలో కంపెనీ పేరు వెతకండి, రెండు నిమిషాల పని.

తేదీ ఎందుకంత ముఖ్యమంటే, అల్యూమినియం లవణాలు, ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటి పాత పదార్థాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు జంతువుల మీద పరీక్షించినవే. గతాన్ని ఎవరూ చెరపలేరు. ఇకమీదట జరగనివ్వం అన్న కట్టుబాటే మనం అడగగలిగింది, ఆ కట్టుబాటుకు తేదీ లేకపోతే అది ఉత్త మాట.

చిన్న కంపెనీలకు గుర్తు లేకపోవచ్చు, ఫీజులూ కాగితాలూ భారం కావచ్చు. వాళ్ళకు ఈమెయిల్ రాయండి. మీరు గానీ, మీకోసం వేరేవాళ్ళు గానీ పరీక్షలు చేశారా? పదార్థాలిచ్చే వాళ్ళ దగ్గర రాతపూర్వక హామీ ఉందా? ఏ తేదీ నుంచి? చట్టం అడిగిన చోట జంతు పరీక్షకు ఒప్పుకుంటారా? మాతృసంస్థ విధానమేమిటి? ‘మా తుది ఉత్పత్తిని పరీక్షించం’ అని మాత్రమే జవాబు వస్తే, పదార్థాల గురించి చెప్పడం లేదని గ్రహించాలి. ‘చట్టం కోరిన చోట తప్ప’ అనే మాట కనిపిస్తే, కోరిన చోట చేస్తారన్నమాట.

పరీక్ష ఒక విషయం, లోపల ఉన్నది మరో విషయం. జంతువుల మీద పరీక్షించని డబ్బాలో జంతువుల నుంచి తీసింది ఉండవచ్చు. గట్టి స్టిక్కుల్లో వాడే సోడియం స్టియరేట్, స్టియరిక్ ఆమ్లం పామాయిల్ నుంచీ వస్తాయి, పశువుల కొవ్వు నుంచీ వస్తాయి. పేరు చూసి చెప్పలేం. గ్లిజరిన్ కూడా అంతే. తేనెమైనం, గొర్రె ఉన్ని నుంచి తీసే లానొలిన్ సంగతి పేరులోనే తెలుస్తుంది. పచ్చచుక్క ఉంటే శాకాహార మూలమని అనుకోవచ్చు గానీ, ఆ చుక్క పరీక్షల గురించి ఏమీ చెప్పదు.

పరిమళాల విషయంలో మనకు పాత లెక్క ఒకటి ఉంది. కస్తూరి, పునుగు, జవ్వాది మన సాహిత్యమంతా గుబాళిస్తాయి. కస్తూరి కోసం మగ కస్తూరి మృగాన్ని చంపి గ్రంథి కోసేవారు. పునుగు పిల్లిని బోనులో పెట్టి గ్రంథి నుంచి గీకి తీసేవారు. కస్తూరి మృగానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యున్నత రక్షణ ఉంది. డియోడరెంట్లలో ఇవాళ వచ్చే కస్తూరి వాసన దాదాపుగా కృత్రిమమే. మొక్క నుంచే కావాలంటే కస్తూరి బెండ గింజల నూనె ఉంది. కానీ అత్తరు దుకాణంలో ‘అసలు కస్తూరి’ అంటే మాత్రం కొనవద్దు.

ఇప్పుడు చేసుకునే సంగతి. చెమటకు దానంతట అదిగా వాసన దాదాపు ఉండదు. చంకల్లో యౌవనం నుంచి పనిచేసే గ్రంథులు వదిలే కొవ్వు, ప్రోటీన్లున్న ద్రవాన్ని అక్కడి బ్యాక్టీరియా విరగ్గొడితే వాసన పుడుతుంది. చెమటను ఆపేవి యాంటీపర్‌స్పిరెంట్లు, వాటిలో అల్యూమినియం లవణాలు చెమట రంధ్రాలను తాత్కాలికంగా మూస్తాయి. డియోడరెంట్ చెమటను ఆపదు, వాసనను అడ్డుకుంటుంది. ఇంట్లో చేసినది వాడినా చొక్కా తడుస్తుంది. ఇది తెలియక పనిచేయలేదని పారేసేవాళ్ళు ఎక్కువ.

అన్నిటికంటే తేలికైనది పటిక. అది ఖనిజం, జంతువుతో సంబంధం లేదు, కిరాణా కొట్లో దొరుకుతుంది. స్నానం కాగానే పటిక ముక్క తడిపి తడి చంకల్లో నాలుగైదుసార్లు రుద్ది ఆరనివ్వాలి. స్ప్రే కావాలంటే 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీళ్ళలో 5 గ్రాముల పటిక పొడి కరిగించండి. బోరు నీళ్ళు వాడితే తెల్లటి తుక్కు తేలుతుంది. ఆ నీళ్ళలోని బైకార్బొనేట్‌తో పటిక కలిసి అల్యూమినియం హైడ్రాక్సైడ్ అవుతుంది. బురద నీళ్ళు పటికతో తేటపడేది కూడా ఈ చర్య వల్లే. వారానికి సరిపడా మాత్రమే చేసుకోండి. చంకల్లో వెంట్రుకలు గీసుకున్న రోజు రాయకండి, భగ్గుమంటుంది. పటిక రాయిని ‘అల్యూమినియం లేని క్రిస్టల్’ అని అమ్మితే అది తప్పు, పటికే అల్యూమినియం లవణం.

పటికనూ వంటసోడానూ కలపమని చెప్పే వంటకాలు తిరుగుతున్నాయి. కలిపితే పొంగి, ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం కాబట్టి రెండూ పోతాయి. వంటసోడా ఒక్కటే వాడటం కూడా మేము సిఫారసు చేయం. చర్మం పీహెచ్ సుమారు 5, సోడా నీళ్ళది 8 పైన. మొదటి వారం పది రోజులు బాగానే ఉంటుంది, తర్వాత ఎర్రబడి దురద వస్తుంది. మన చర్మాల్లో ఆ ఎరుపు తగ్గాక నలుపు నెలల తరబడి మిగిలిపోతుంది. నిమ్మచెక్క రుద్దడం దీనికి వ్యతిరేక దిశలో అంతే చెడ్డది.

వంటసోడా బదులు మెగ్నీషియం హైడ్రాక్సైడ్. ఇదీ క్షారమే కానీ నీళ్ళలో దాదాపు కరగదు కాబట్టి చర్మం మీద నెమ్మదిగా పనిచేస్తుంది. తొందరగా పరీక్షించాలంటే మందుల షాపులో మిల్క్ ఆఫ్ మెగ్నీషియా కొని పలుచగా రాసి ఆరనివ్వండి. లిక్విడ్ పారఫిన్ గానీ, పంచదార, పుదీనా రుచి గానీ కలిపింది కాకుండా సాదాది అడగాలి. మన దగ్గర విరివిగా దొరికేవి కలిపినవే.

గట్టి బామ్‌కు 100 గ్రాముల లెక్క ఇది. కొబ్బరినూనె 24, కోకమ్ బటర్ (కోకమ్ గింజల కొవ్వు) 22, క్యాండెలిల్లా మైనం 12, పాలగుండ పొడి 26, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ పొడి 10, జింక్ రిసినోలియేట్ 3, ఆముదం 2, విటమిన్ ఇ అర గ్రాము, సుగంధ తైలం అర గ్రాము. జింక్ రిసినోలియేట్ ఆముదం నుంచి తయారయ్యేదే, వాసన అణువులను పట్టి ఉంచుతుంది. చెంచాలతో కొలవకండి. 0.1 గ్రాము చూపే కాటా కావాలి.

కోకమ్, క్యాండెలిల్లా ఎందుకంటే, ఇంటర్నెట్లో దొరికే వంటకాలు చాలావరకు 20 డిగ్రీల గదుల కోసం రాసినవి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే కరుగుతుంది, షియా బటర్ 35 దాటకముందే మెత్తబడుతుంది. మేలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఆ డబ్బా తెరిస్తే పైన నూనె, అడుగున పిండి. కోకమ్ 38 నుంచి 40 డిగ్రీల దాకా నిలుస్తుంది. క్యాండెలిల్లా 70 డిగ్రీల దగ్గర కరిగే మొక్క మైనం. తేనెమైనం ఉన్న వంటకాన్ని మార్చేటప్పుడు దాని బరువులో సగం నుంచి మూడింట రెండు వంతుల క్యాండెలిల్లా చాలు, సమానంగా వేస్తే రాయిలా గీసుకుంటుంది. నడి వేసవికి క్యాండెలిల్లా 14 గ్రాములు వేసి కొబ్బరినూనె 2 తగ్గించండి. చలిదేశాల్లో ఉన్నవాళ్ళకు 9 సరిపోతుంది.

వేడినీళ్ళ గిన్నెలో స్టీలు గిన్నె పెట్టి ముందు ఆముదం, జింక్ రిసినోలియేట్, మైనం వేయాలి. 80 నుంచి 85 డిగ్రీల దగ్గర పలుకు లేకుండా కరిగాక కోకమ్, కొబ్బరినూనె కలపాలి. గిన్నె దించి, జల్లించిన పొడులు కొద్దికొద్దిగా వేస్తూ తిప్పాలి. పొడులు బాగా ఆరినవై ఉండాలి, గిన్నెలోకి నీటి చుక్క పడకూడదు. నీళ్ళు లేనంతవరకే ఈ బామ్‌కు ప్రిజర్వేటివ్ అవసరం లేదు. 60 డిగ్రీలకు దిగాక విటమిన్ ఇ, తైలం వేసి తిప్పుతూనే ఉండండి. చెంచా గీత క్షణం నిలిచేంత చిక్కబడ్డాకే పోయాలి. తొందరపడి పోస్తే పొడి అడుక్కి దిగి, పైభాగం జిడ్డుగా, కిందిది సుద్దలా తయారవుతుంది. పోసిన వెంటనే 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. కోకమ్ నెమ్మదిగా చల్లారితే రవ్వరవ్వగా గడ్డకడుతుంది. అలా అయితే మళ్ళీ కరిగించి త్వరగా చల్లార్చండి. మధ్యలో గుంట పడితే కాస్త మిగిల్చిన మిశ్రమంతో నింపవచ్చు.

తైలం అర గ్రాము అంటే పది, పదిహేను చుక్కలు. వట్టివేరు, లావెండర్ సరిపోతాయి. లవంగ, దాల్చిన తైలాలు చంకలకు పనికిరావు, మంట పెడతాయి. కొత్తగా చేసినది ముందు మోచేతి లోపల రాసి 48 గంటలు చూడండి. చంకల్లో దురద వస్తే ఆపి, తగ్గాక మెగ్నీషియం 5 గ్రాములకు తగ్గించి ఆ తేడా పాలగుండతో నింపి చేయండి. అప్పుడూ వస్తే తైలం మానేసి చూడండి.

ఇంట్లో చేసినంత మాత్రాన హింస లేనిది అయిపోదు. క్యాండెలిల్లా పేరుతో తేనెమైనం కలిపి అమ్మేవాళ్ళున్నారు. ముడిసరుకు కొట్టువాడిని విశ్లేషణ పత్రం అడగండి, కంపెనీలను అడిగిన ప్రశ్నలే ఇక్కడా అడగండి. డబ్బాలోకి తడి వేళ్ళు పెట్టకుండా చిన్న చెంచా వాడండి. ఆరు నెలల్లోపు వాడేయాలి, నూనె ముక్కవాసన వేస్తే పారేయండి. ఇంట్లోవాళ్ళకు చేసుకోవడానికి అనుమతి అక్కర్లేదు. అమ్మాలనుకుంటే మాత్రం 2020 సౌందర్య సాధనాల నిబంధనల కింద మీ రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి తయారీ లైసెన్సు తీసుకున్నాకే మొదటి డబ్బా అమ్మాలి.