వసంతం నీళ్లు, వరసైన మాట

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

సరదా గురించి మాట్లాడమనగానే నాకు మన పెళ్లిళ్లలో చల్లుకునే వసంతం గుర్తొచ్చింది. బిందెడు నీళ్లలో పసుపు వేసి, కాస్త సున్నం కలుపుతాం. పచ్చటి నీళ్లు చూస్తుండగానే ఎర్రబడతాయి. సున్నంలోని క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది. ఆ ఎర్రనీళ్లు పెళ్లికొడుకు తెల్లచొక్కా మీద పడితేగానీ రెండిళ్లవాళ్లూ కలిసినట్టు కాదని మా అమ్మమ్మ లెక్క.

ఆ నీళ్లు ఎవరి మీద పడితే వాళ్ల మీద పొయ్యరు, గమనించండి. వరస చూసి పోస్తారు. బావకి, మరదలికి, వదినకి, వియ్యపురాలికి. మాటా అంతే. "ఏం బావా, మా అక్క కోసం వచ్చావా, ఆత్రేయపురం పూతరేకుల కోసం వచ్చావా?" అని మరదలు అడగొచ్చు. అదే మాట మామగారు అంటే అల్లుడు అలిగి బస్సెక్కేస్తాడు.

గోదావరివాళ్లకి వెటకారం ఎక్కువని బయట పేరు. ఆ పేరు నాకు నచ్చదు. వెటకారానికి పరాయివాడైనా చాలు. వేళాకోళం ఆడాలంటే ముందు వాడు మనవాడు కావాలి. మనది వేళాకోళం.

తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఇది తెలుసు. కాకినాడ దగ్గర మాధవపట్నం ఈ ఆటకి పేరుపడ్డ ఊరు. రామాయణ కథ మంచి పట్టులో ఉండగా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెరమీదికి దూకుతారు. అసలు కథకి వాళ్లతో పనిలేదు. కానీ పోట్లాడుకుంటూ, కొట్టుకుంటూ, మన ఇళ్లలో మాటలే మాట్లాడతారు. రాముడికి దండం పెట్టే జనం వాళ్లని మాత్రం తమ ఇంటి మనుషుల్లా పిలుస్తారు. తెల్లవార్లూ సాగే ఆటలో పిల్లల్ని నిద్రపోనివ్వనిది వాళ్లే.

కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే పదకొండు ఊళ్ల శివుళ్లని నిలిపి భుజాల మీద మోసే అలంకరించిన వెదురు కట్టడాలు, వస్తాయి కదా. వాటిలో కొన్ని కౌశిక కాలువలో దిగి, పచ్చటి వరిచేలు తొక్కుకుంటూ వస్తాయి. రైతు కోప్పడడు, శివుడు తన చేలో నడిచాడని మురిసిపోతాడు. "శరభా, శరభా" అని కుర్రాళ్లు వేసే కేకల్లో భక్తి ఎంతో, సరదా ఎంతో నేను విడదీయను.

ఇప్పుడు ఫంక్షన్ హాళ్లలో వసంతం మానేస్తున్నారు. పట్టుచీరలు పాడవుతాయని టెన్షన్. ఈ మాఘమాసంలో మీ ఇంట పెళ్లి ఉంటే ఒక్క బిందెడు కలపండి. ఫోటోలన్నీ అయ్యాక, చీరలు మార్చుకున్నాకే చల్లుకోండి, ఫరవాలేదు. వదినగారిని మాత్రం వదలకండి.