రైవస్ కాలువ అడుగున దొరికినవి

అందరికీ నమస్కారం.

ఇందాక గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే ఒక పెద్దాయన లోపలికి తొంగి చూసి, "ఏమండీ, పాతసామాన్ల కొట్టు ఇక్కడికి మార్చారా?" అన్నారు. నవ్వేశాను గానీ ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. కొట్లో తూకం ఉంటుంది, ఇక్కడ చీటీలున్నాయి, అంతే తేడా. ఆ చీటీల గురించే నాలుగు మాటలు చెబుతాను.

ముందు ఈ ప్రదర్శనలో పెట్టిన సామాన్లు ఎక్కడివో చెప్పాలి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, మన బెజవాడ కాలువల మధ్యే బతుకుతోంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. ఎండాకాలం నీళ్ళు ఆపేశాక వాటి అడుగు బయటపడుతుంది. వంతెన మీద ఆటోలో వెళ్ళేవాళ్ళు ముక్కు మూసుకుని మొహం తిప్పుకుంటారు. మేం నలుగురం మూడు వేసవులు దిగాం. రైవస్ కాలువలో ఒక వంతెనకి అటూ ఇటూ వంద అడుగుల మేర, బురద గట్టిపడ్డాక, కంటపడిన ప్రతిదీ ఏరాం. వాటర్ ప్యాకెట్లు, క్యారీ బ్యాగులు మాత్రం వదిలేశాం. అవి కూడా తెస్తే ఈ హాలు చాలదు. ఇందులో కొంచెం మోసం ఉంది, ఒప్పుకుంటాను. కాలువ నిండా ఉన్నవి అవే మరి.

ఇలా ఏరి పెట్టడం మేం కనిపెట్టింది కాదు. 1999లో మార్క్ డయన్ అనే అమెరికన్ కళాకారుడు లండన్‌లో థేమ్స్ నది ఆటు సమయంలో బయటపడే ఒడ్డున స్థానికులను వెంటబెట్టుకుని ఏరించాడు. దొరికినవాటిని కడిగి, రకాలుగా విడదీసి, పెద్ద చెక్క బీరువాలో సర్ది టేట్ గ్యాలరీలో పెట్టాడు. పాత పెంకు పక్కనే కొత్త ప్లాస్టిక్ మూత. మేమూ మొదట అలాగే చేశాం. ఇనుము ఒకచోట, ప్లాస్టిక్ ఒకచోట, గాజుముక్కలు ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా వరసగా. గుంటూరులో ఒక చిన్న హాల్లో పెడితే వచ్చినవాళ్ళంతా గాజుముక్కల బల్ల ముందు సెల్ఫీలు దిగి వెళ్ళిపోయారు. తాళంచెవుల దగ్గర ఒక్కరూ ఆగలేదు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళననడానికేముంది, చీరల కొట్లో సర్దినట్టు సర్దింది మేమే.

మాలో ఒకావిడ లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు. "పుస్తకాలని అట్ట రంగు చూసి సర్దుతామా నాయనా?" అన్నారావిడ. బెజవాడ మనిషి అనాల్సిన మాటే అది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది ఈ ఊళ్ళోనే కదా. ఆ సాయంత్రం టీ తాగుతూ మాకు పాఠం చెప్పారు. 1876 నాటి డ్యూయీ పద్ధతిలో విషయాలన్నిటినీ ముందే పది పెద్ద తరగతులుగా విడగొట్టి ఉంచుతారు, వచ్చిన పుస్తకం అందులో ఎక్కడో ఒకచోట ఇమడాలి. 1933లో మన దేశపు గ్రంథాలయ పండితుడు ఎస్.ఆర్. రంగనాథన్ గారు కోలన్ పద్ధతి తెచ్చారు, ఆ తర్వాత ఏ విషయాన్నయినా ఐదు వైపుల నుంచి చూడమన్నారు. అసలు విషయం ఏమిటి, ఏ పదార్థం, ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు.

మా చీటీల మీద ఐదు గళ్ళు అందుకే ఉన్నాయి. మూడో గడిని మాత్రం మాకు కావలసినట్టు వంచుకున్నాం. వస్తువు కాలువలోకి ఎలా వచ్చిందో అందులో రాశాం. జారింది, విసిరారు, దాచారు, కొట్టుకొచ్చింది, సాగనంపారు. రంగనాథన్ గారు చూస్తే మెచ్చుకునేవారో, చీటీలు చింపేసేవారో!

బల్లలన్నీ ఇప్పుడు ఆ గడి ప్రకారమే ఉన్నాయి. తాళంచెవులు చాలావరకు "జారింది" బల్ల మీదే ఉన్నాయి. ఒక తాళంకప్ప మాత్రం చెవి అందులోనే ఉండగా, గొలుసుతో సహా దొరికింది. దాన్ని "విసిరారు" బల్ల మీద పెట్టాం. "దాచారు" బల్ల మీద లామినేషన్ చేసిన మార్కుల జాబితా ఒకటుంది. పేరు కనపడకుండా తిప్పి పెట్టాం. ఊహించి రాసిన చీటీల మీద పెన్సిల్‌తో ప్రశ్నార్థకం ఉంటుంది, చూడండి.

మాకు నిద్ర పట్టనివ్వంది ఐదో బల్ల. దేవుడి పటాలు.

ఇంట్లో పటం అద్దం పగిలినా, చెద పట్టినా చెత్తబుట్టలో వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. రావిచెట్టు మొదట్లో పెడతారు, లేదంటే కాలువలో వదులుతారు. వదిలేముందు కళ్ళకద్దుకుంటారు. మున్సిపాలిటీ వాళ్ళు తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త అని మూడు బుట్టలిచ్చారు. పటం ఏ బుట్టలో పడుతుంది? కాలువలో వదిలినవాళ్ళు దాన్ని పారేశామనుకోరు, సాగనంపామనుకుంటారు. మరి అలా సాగనంపినదాన్ని మేం బురదలోంచి లాగి, లైటేసి, జనానికి చూపించొచ్చా? మాలో మాకు పెద్ద గొడవే అయింది. మా పిన్ని అయితే, "నీళ్ళకిచ్చింది మళ్ళీ ఇంటికి తెస్తారుట్రా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

చివరికి పటాలన్నిటినీ గోడవైపు తిప్పేశాం. మీకు కనపడేవి వాటి వీపులే. అనుకోకుండా ఈ ప్రదర్శనలో నాకు బాగా నచ్చినవి అవే అయ్యాయి. పలచని చెక్క, తుప్పు పట్టిన మేకులు, మెలితిప్పిన తీగ, అద్దం కదలకుండా మడిచి పెట్టిన అట్టముక్క. ఒక పటం వెనక అట్ట అగరొత్తుల పెట్టెది. ఒకదానికి పాత పంచాంగం కాగితం అంటించారు, తిథులు ఇంకా చదవచ్చు. పటం కట్టినవాడు ఈ వైపు ఎవరూ చూడరనే అనుకుని ఉంటాడు.

పేర్ల గొడవ ఇంకోటి. వంగిపోయిన ఒక వంటింటి సామానుకి నేను "గరిటె" అని రాశాను. మొదటి రోజే ఒకామె "గంటె" అని దిద్దారు. సాయంత్రం ఇంకొకరు రెండూ కొట్టేసి "అట్లకాడ" అని రాశారు. ఆవిడదే రైటు. ఇప్పుడు ప్రతి బల్ల దగ్గరా పెన్సిల్ కట్టి ఉంచాం.

నిన్న మా వీధిలో పాతసామాన్లు కొనే అతను వచ్చాడు. నేనే పిలిచాను. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి, బల్లల వెంట నడుచుకుంటూ, "ఇది ఇత్తడి కాదు సార్, ఇనుము మీద పూత" అంటూ అంటించి చూపించాడు. ప్లాస్టిక్ ముక్కని గోటితో గీసి, వంచి, దాని రకం చెప్పేశాడు. పదార్థం గడిలో తొమ్మిది చీటీలు మార్చాల్సి వచ్చింది. మూడో గడి చదివి మాత్రం, "ఎలా వచ్చిందో మేం అడగం సార్. అడిగితే బేరం చెడుద్ది" అన్నాడు. టీ తాగి వెళ్ళాడు.

ఇక ఒక్క మనవి. ప్రదర్శన సంగతి నలుగురికీ తెలిసిన దగ్గర్నుంచి రాత్రిపూట మా గేటు దగ్గర సంచులు వెలుస్తున్నాయి. పాత మిక్సీ జార్లు, రిమోట్లు, ఒకసారి ఏకంగా కుట్టు మిషన్ స్టాండు. దయచేసి తేవద్దు. మా ఆవిడ వాటన్నిటినీ వరండాలో ఒక మూల పెట్టింది. ఆ మూలకి ఏమని చీటీ రాయాలో ఇంకా తేలలేదు. బల్లల దగ్గర పెన్సిళ్ళున్నాయి, తోస్తే రాసి వెళ్ళండి.