స్టూడియో తలుపు తీయించి చూడండి

విద్యార్థులకు, వారి వెంట వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

ప్రసార మాధ్యమాల కోర్సు అనగానే మనవాళ్ల కళ్ల ముందు మెదిలేది వార్తలు చదివే ముఖమే. అయితే అరగంట బులెటిన్ గాలిలోకి వెళ్లాలంటే రన్‌డౌన్ (ఏ వార్త తర్వాత ఏది రావాలో చెప్పే పట్టిక) వేసే ప్రొడ్యూసరు, కాపీ, అంటే రాసిన వార్త, దిద్దే డెస్కు, విజువల్స్ కూర్చే ఎడిటరు, పీసీఆర్‌లో (ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ గదిలో) కెమెరా నుంచి కెమెరాకు మార్చేవారు, శబ్దం చూసుకునేవారు అందరూ ఉండాలి. ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది ఆ వైపే. కాబట్టి యాంకరింగ్ ఒక్కటే ఎర చూపే కళాశాలను కాస్త అనుమానించండి.

రేడియోపై మక్కువ ఉన్నవారు ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలకు సొంత వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు. 2011 నాటి విధానం కూడా ఆకాశవాణి బులెటిన్లను మార్పు లేకుండా వినిపించుకోవడానికే వీలిచ్చింది. అంటే రేడియోలో వార్తలు రాయాలనుకునేవారికి దారి ఆకాశవాణే. అక్కడ క్యాజువల్ అనౌన్సరుగా ఎంపికైనా పిలిచిన రోజుకే పారితోషికం ఉంటుంది తప్ప, నెల జీతం ఉండదు. ఆ మాట కళాశాల ప్రవేశాల కరపత్రంలో కనిపించదు.

నేను ఒకసారి ఒక కళాశాలకు పరీక్షకుడిగా వెళ్లాను. స్టూడియో అద్దంలా మెరుస్తోంది, శబ్దాన్ని సరిచేసే ఆడియో కన్సోలు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయనేలేదు. కెమెరాలు ఇచ్చి పుచ్చుకునే రిజిస్టరు అడిగితే, చివరి సంతకం ఎనిమిది నెలల కిందటిది. మీరు చూడవలసింది ఆ రిజిస్టరునే. నిజంగా ప్రసారమయ్యే రేడియో అక్కడ ఉందా అన్నదీ చూడండి. 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో మొదలైన కమ్యూనిటీ రేడియో (చుట్టుపక్కల వారి కోసం నడిచే చిన్న కేంద్రం) వంటివి గానీ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని 90.4 'బోల్ హైదరాబాద్' వంటివి గానీ విద్యార్థికి ఇచ్చేది నిజమైన శ్రోత. ఫేడరు (శబ్దం పెంచే మీట) ఎత్తడం మరిచిపోతే నాలుగు సెకన్ల నిశ్శబ్దం ఎంత పొడవుగా ఉంటుందో తరగతి గదిలో ఎంత చెప్పినా తెలియదు.

ఇక తెలుగు సంగతి. ఉద్యోగానికి ఛానెల్ పెట్టే పరీక్షలో తరచుగా చేతికిచ్చేది వార్తా సంస్థ పంపిన ఇంగ్లీషు కాపీ; దాన్ని కొద్దిసేపట్లో చెవికి ఎక్కే తెలుగులోకి తేవాలి. వారానికొకసారైనా ఆ పని చేయించి, ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చే అధ్యాపకులు ఉన్నారా అని చివరి సంవత్సరం విద్యార్థులను విడిగా పిలిచి అడగండి. వీలైతే దిద్దిన ఆ కాగితాలను చూపించమనండి.