విష్ణుక్రాంతం రివ్యూ: మూడు కుండీల్లో ఒకటి అసలుది కాదు

నమస్తే అండి. ముందే చెప్పేస్తాను, ఈ మొక్కలు ఒక నర్సరీ వాళ్లు వీడియో కోసం ఉచితంగా పంపినవి, డబ్బులేమీ తీసుకోలేదు. విష్ణుక్రాంతం ఎంత పెరుగుతుంది, ఏ మందుల్లో వాడతారు అన్నవి మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి పోను. జులై నుంచి నాలుగు నెలలు మా మేడ మీద పెంచాను, నాకేమనిపించిందో అదే చెప్తాను.

ఇదిగో, ఈ పువ్వు చూడండి. చొక్కా గుండీ కంటే చిన్నది, సెంటీమీటరు కూడా ఉండదు. కానీ ఆ నీలం ఉంది చూశారూ, పొద్దున ఎండ పడగానే నేల మీద నీలం చుక్కలు చల్లినట్టు విచ్చుకుంటాయి, ఎన్నిసార్లు తీసినా కెమెరాకి ఆ రంగు సరిగ్గా రావడం లేదు. పోయినేడాది ఇదే చోట పెటూనియాలు పెట్టాను, అరచేతిలో సగమంత పూలు, అయినా వాటి మీద ఒక్క తేనెటీగ వాలడం చూడలేదు, పైగా వానలకి కుళ్లిపోయాయి. ఇక్కడ మాత్రం తొమ్మిదింటికల్లా ఈగంత కూడా లేని చిన్న నల్ల తేనెటీగలు వచ్చేస్తాయి. కాఫీ చల్లారిపోయేదాకా వాటినే చూస్తూ కూర్చున్న రోజులున్నాయి.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయం. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రుల్లో విష్ణుక్రాంత పత్రం ఉంటుంది కదా, మూడో కుండీలోంచి కొమ్మ తుంచబోతుంటే మా అత్తయ్యగారు, "అది కాదమ్మా, మా బీళ్లలో దొరికేది ఇంత లావు ఉండదు" అన్నారు. ఆవిడ చెప్పిందే నిజం. అది బ్రెజిల్ మొక్క, బ్లూ డేజ్ అంటారు, పువ్వు రూపాయి బిళ్లంత ఉంటుంది. అందంగానే ఉంది, కాదనను, కానీ విష్ణుక్రాంతం అని చీటీ అంటించి పంపడం ఏంటండీ? కొంతమంది శంఖుపుష్పం తీగని కూడా ఇదే పేరుతో పిలుస్తారు. అసలుది తీగలా అల్లుకోదు, నేల మీదే పాకుతుంది, సన్నటి ఆకుల మీద పట్టులాంటి నూగు ఉంటుంది. కొనేముందు పువ్వు చూపించమనండి.

పెంపకంలో పెద్ద కష్టమేం లేదు, ఒక్క నీళ్ల దగ్గర తప్ప. రెండో కుండీని నేనే రోజూ నీళ్లు పోసి చంపేశాను. ఇది రాళ్లగుట్టల మీద, మేత బీళ్లలో, గులకమట్టిలో బతికే మొక్క, కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి, దీనికి పడదు. ఎర్రమట్టిలో ఇసుక కలిపి, బాగా ఎండ తగిలే చోట పెట్టండి. ఎండలకి పైన మాడినట్టు కనిపిస్తే పీకి పారేయకండి, వేరు గట్టిది, రెండు వానలు పడితే మళ్లీ చిగురేస్తుంది. బయట బీళ్లలో కనిపించినా మొత్తం పీక్కురావద్దు, పూజకి నాలుగు రెమ్మలు చాలు. బీడు భూములన్నీ ప్లాట్లు అయిపోతుంటే ఆ చిన్న తేనెటీగలు ఎక్కడికి పోవాలి?

మధ్యాహ్నానికి పూలు ముడుచుకుపోతాయి, పొద్దున్నే ఆఫీసుకెళ్లేవాళ్లకి ఆదివారాలే దిక్కు. అయినా సరే, నా మాట వినండి, పెట్టుకోండి. మాట్లాడుతుండగానే పదకొండున్నర అయింది, ఉండండి, దగ్గరికి తెస్తాను... అదిగో, ఆ చివరి పువ్వు రేకులు లోపలికి ముడుచుకుంటున్నాయి, దాని మీద ఇంకా ఒక తేనెటీగ ఉంది.